మందు సీసా మీద గ్రామర్

ప్రియమైన తల్లిదండ్రులకు,

పేరెంట్-టీచర్ మీటింగుల్లో ఇంగ్లిష్ టీచర్లకు తరచూ ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. "మా వాడికి గ్రామర్‌లో 20కి 19 వస్తున్నాయి. మరి సొంతంగా నాలుగు వాక్యాలు రాయమంటే ఎందుకు రాయలేకపోతున్నాడు?" ఆ వెంటనే పరిష్కారం కూడా మీరే చెబుతారు: "ఇంకో గ్రామర్ వర్క్‌బుక్ ఏదైనా ఇవ్వండి టీచర్."

ప్రశ్న నూటికి నూరుపాళ్ళు సరైనది. పరిష్కారంతోనే నాకు పేచీ.

ఖాళీలు పూరించే ఎక్సర్‌సైజులో వాక్యం ముందే తయారై ఉంటుంది. పిల్లవాడు నింపాల్సింది ఒక్క మాట. పేజీ పైన 'ప్రెజెంట్ పర్‌ఫెక్ట్ టెన్స్' అని హెడ్డింగ్ ఉంటుంది కాబట్టి ఏ టెన్స్ వాడాలో ఆలోచించే పని కూడా లేదు. లీవ్ లెటర్ రాసేటప్పుడు మాత్రం పైన ఏ హెడ్డింగూ ఉండదు. ఎవరి గురించి చెప్పాలి, ఎప్పటి సంగతి, వాక్యం ఎక్కడ ముగించాలి, అన్నీ తనే తేల్చుకోవాలి. ఆ తేల్చుకోవడం వర్క్‌బుక్‌తో రాదు. నిజమైన వాక్యాలను చూసి 'దీన్ని ఇలాగే ఎందుకు రాశారు?' అని అడిగే అలవాటుతో వస్తుంది. అలాంటి వాక్యాలు మీ ఇంట్లోనే బోలెడున్నాయి.

మందు సీసా

దగ్గు మందు సీసా ఒకటి తీసి చూడండి. చాలా సీసాల మీద ఇలాంటి సూచనలు కనిపిస్తాయి: "షేక్ ద బాటిల్ వెల్ బిఫోర్ యూజ్", "స్టోర్ ఇన్ ఏ కూల్, డ్రై ప్లేస్". ఒకచోట 'ద' ఎందుకు, రెండోచోట 'ఏ' ఎందుకు? ఊపాల్సింది చేతిలో ఉన్న ఈ సీసానే. దాచాల్సింది మాత్రం చల్లగా, పొడిగా ఉండే ఏదో ఒక చోట. అది అల్మరా కావచ్చు, షెల్ఫ్ కావచ్చు. ఆర్టికల్స్ పాఠంలో ముఖ్యమైన సగం ఈ రెండు వాక్యాల్లోనే ఉంది.

తెలుగులో ఆర్టికల్స్ లేవు. అందుకే మన పిల్లలు వాటిని వదిలేస్తారు, లేదంటే కనిపించిన చోటల్లా చల్లేస్తారు. ఇది వదిలేయదగ్గ చిన్న విషయం కాదు. అమెరికాలోని బ్రౌన్ యూనివర్సిటీలో, 1961లో అచ్చయిన వార్తాపత్రికలు, పుస్తకాల వంటి వాటి నుంచి సుమారు 10 లక్షల మాటలు సేకరించి లెక్కగట్టారు. వాటిలో అన్నిటికన్నా ఎక్కువసార్లు వచ్చిన మాట 'ద'. దాదాపు 70 వేల సార్లు, అంటే ప్రతి 14, 15 మాటలకు ఒకసారి వచ్చింది.

మన పిల్లలకు దారి లేకపోలేదు. "ఒక ఊళ్ళో ఒక రాజు ఉండేవాడు. ఆ రాజుకు ఏడుగురు కొడుకులు." మొదటిసారి 'ఒక', రెండోసారి 'ఆ'. ఇది అన్నిచోట్లా సరిపోదు కానీ మొదటి మెట్టుకు చాలు. కథ చెప్పే అమ్మమ్మ ఈ పాఠం ఎప్పుడో మొదలుపెట్టేసింది.

ఫోన్‌లో మెసేజ్

"యువర్ ఆర్డర్ హాజ్ బీన్ షిప్డ్." ఇందులో ప్యాసివ్ వాయిస్ ఉంది. ప్యాసివ్ అనగానే పిల్లలకు "రాముని చేత రావణుడు చంపబడెను" లాంటి వాక్యం గుర్తొస్తుంది. అలా ఇంట్లో ఎవరూ మాట్లాడరు. కాబట్టి ప్యాసివ్ అంటే పరీక్ష కోసం వాక్యాన్ని తలకిందులు చేసే ఆట అనుకుంటారు.

నిజానికి ప్యాసివ్ చేసే పని మనకు బాగా తెలుసు. సాయంత్రం ఫ్యాన్ ఆగిపోగానే "కరెంటు తీసేశారు" అంటాం. ఎవరు తీశారు? చెప్పం. తెలియదు, అవసరమూ లేదు. "మా వీధిలో రోడ్డు వేశారు" అన్నా అంతే. చేసినవారిని పక్కనపెట్టి జరిగిన పనిని ముందుకు తేవడానికి తెలుగులో మనం ఇలా అంటాం, ఇంగ్లిష్‌లో ప్యాసివ్ వాడతారు. పార్సిల్ ఎవరు పంపించారన్నది మీకు అక్కర్లేదు, బయల్దేరిందా లేదా అన్నదే కావాలి.

మా సర్క్యులర్లు కూడా చూడండి. "పేరెంట్స్ ఆర్ రిక్వెస్టెడ్ టు పే ద టర్మ్ ఫీ" అని రాస్తాం. కోరుతున్నది ఎవరో వాక్యంలో ఎక్కడా లేదు. మేమే! ముఖాముఖి అడగడానికి మొహమాటపడే చోట కూడా ప్యాసివ్ పనికొస్తుందని పిల్లలకు చెప్పండి. నవ్వుకుంటారు, గుర్తూ పెట్టుకుంటారు.

అదే మెసేజ్‌లో ఇంకో పాఠం ఉంది. లైటు వెలగగానే "కరెంటు వచ్చింది" అంటాం. "నిన్న ఆరింటికి కరెంటు వచ్చింది" అని కూడా అంటాం. తెలుగులో క్రియ మారలేదు. ఇంగ్లిష్‌లో మారుతుంది. ఇప్పుడే వస్తే "ద పవర్ హాజ్ కమ్ బ్యాక్", నిన్నటి సంగతైతే "ద పవర్ కేమ్ బ్యాక్ ఎట్ సిక్స్ ఎస్టర్‌డే". "ఐ హావ్ నాట్ కమ్ టు స్కూల్ ఎస్టర్‌డే" అని లీవ్ లెటర్‌లో రాసే పిల్లవాడు ఈ తేడా దగ్గరే తడబడుతున్నాడు.

కారు అద్దం

కొన్ని కార్ల పక్క అద్దం మీద "ఆబ్జెక్ట్స్ ఇన్ మిర్రర్ ఆర్ క్లోజర్ దాన్ దే అపియర్" అని రాసి ఉంటుంది. 'ఆర్' పక్కనే ఉన్న మాట 'మిర్రర్', అది ఏకవచనం. మరి 'ఈజ్' ఎందుకు రాలేదు? ఎందుకంటే వాక్యం అద్దం గురించి కాదు, వస్తువుల గురించి. తెలుగులో "అద్దంలో కనిపించే వస్తువులు" అంటాం. వివరణ ముందు వచ్చి అసలు మాట చివర నిలుస్తుంది. ఇంగ్లిష్‌లో అసలు మాట ముందొచ్చి, వివరణ దాని వెనక చేరుతుంది. అందుకే కర్తకూ క్రియకూ మధ్య ఇంకో నామవాచకం దూరుతుంది, పిల్లల చూపు దాని మీదికి పోతుంది. "ద కలర్ ఆఫ్ ద వాల్స్ ఆర్ వైట్" అన్న తప్పు పుట్టేది ఇక్కడే.

ఈ తప్పుల్లో ఏదీ అశ్రద్ధ వల్ల వచ్చింది కాదు. తెలుగు లెక్క ప్రకారం ఆలోచించి ఇంగ్లిష్ రాస్తే వచ్చేవే ఇవన్నీ. తిడితే పోవు. రెండు భాషలనూ పక్కపక్కన పెట్టి చూపిస్తే తగ్గుతాయి.

ఇక్కడే మీతో ఒక మాట చెప్పాలి. "మేం తెలుగు మీడియంలో చదివాం, మాకు ఇంగ్లిష్ రాదు, అంతా మీరే చూసుకోవాలి" అని పిల్లల ముందే అంటుంటారు. దయచేసి అనకండి. ఆ మాట విన్న పిల్లలు ఇంట్లో ప్రశ్నలు అడగడం మానేస్తారు. పైన చెప్పిన ప్రతి పాఠంలోనూ సగం పని చేసింది తెలుగే. "దీన్ని మనం తెలుగులో ఎలా అంటాం?" అని అడగడానికి మీకు ఇంగ్లిష్ గ్రామర్ రావాల్సిన పని లేదు.

వర్క్‌బుక్ వద్దని నేననను. 'గో, వెంట్, గాన్' లాంటివి చేతికి అలవాటు కావాలంటే అభ్యాసం చేయాల్సిందే. కానీ అన్నంలో ఉప్పులా ఉండాల్సింది అన్నమే అయిపోకూడదు. ఈ విషయంలో మా తప్పూ ఉంది. హెడ్డింగ్ పెట్టి ఖాళీలు ఇస్తే దిద్దడం తేలిక, మార్కులు కూడా బాగా కనిపిస్తాయి. హెడ్డింగ్ లేని ప్రశ్నలు, సొంత వాక్యాలు మా టెస్టుల్లో పెరగాలి. అప్పుడు కొన్నాళ్ళు మార్కులు తగ్గవచ్చు. ఆ తగ్గుదలను మీరు ఓర్చుకోవాలి.

ఈ నెల ఒక పని చేసి చూడండి. రోజుకు ఒక్క వాక్యం. బిస్కెట్ ప్యాకెట్, బస్ టికెట్, లిఫ్ట్‌లో నోటీసు, ఏదైనా సరే. పిల్లలతో దాన్ని నోట్‌బుక్‌లో రాయించి మూడు ప్రశ్నలు అడగండి. ఇది ఎవరి గురించి, లేదా దేని గురించి? ఎప్పటి సంగతి? తెలుగులో మనం ఎలా అంటాం? తర్వాత అదే నమూనాలో సొంతంగా ఒక వాక్యం రాయమనండి. పది నిమిషాలు చాలు. బయట రాసి ఉన్నదాంట్లో తప్పులు కూడా ఉంటాయి. వాటిని పట్టుకుంటే అది ఇంకా మంచి పాఠం.

వచ్చే మీటింగుకు ఆ నోట్‌బుక్ వెంట తీసుకురండి. గ్రామర్ మార్కుల షీట్ కన్నా ముందు దాన్నే కలిసి చూద్దాం.

— మీ ఇంగ్లిష్ టీచర్