సందు మొగలోని ట్రాన్స్‌ఫార్మర్‌ను లెక్కలోకి తీసుకోండి

తెలంగాణ విద్యుత్ నియంత్రణ మండలి ఛైర్మన్ గారికి, సభ్యులకు,

రెండు స్తంభాల మధ్య దిమ్మె మీద కూర్చున్న 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్‌తో మొదలుపెట్టండి. ఇంట్లో బిగించే కారు చార్జర్ సుమారు 7 కిలోవాట్లు లాగుతుంది. ఆఫీసుల నుంచి వచ్చి పదిమంది ఒకేసారి ప్లగ్ పెడితే 70 కిలోవాట్లు. ఆపైన ఏసీలు, నీళ్ల మోటార్లు. ఫ్యూజు ఎగిరిపోతే కారు లేనివాళ్లు, పరీక్షలకు చదువుకునే పిల్లలు కూడా చీకట్లోనే కూర్చోవాలి.

మధ్యాహ్నం ఇబ్బంది వేరు. డాబాల మీది సోలార్ కరెంటు వాడకాన్ని మించితే లైను చివర వోల్టేజీ పెరిగి, ఇన్వర్టర్లు వాటంతటవే ఆగిపోతాయి. అప్పు చేసి ప్యానెళ్లు పెట్టించుకున్న కుటుంబానికి మంచి ఎండ వేళే నష్టం.

ఆ మధ్యాహ్నపు కరెంటు కార్లలోకి వెళ్లాలి. సౌర వేళల్లో ధర కనీసం 20 శాతం తగ్గాలని 2023లో సవరించిన కేంద్ర వినియోగదారుల హక్కుల నిబంధనలు చెబుతున్నాయి.

ఇళ్లలోని చార్జర్లకు ఆ రాయితీ పూర్తిగా అందేలా చూడండి. ప్రతి ట్రాన్స్‌ఫార్మర్ సామర్థ్యం, సాయంత్రపు లోడు, సోలార్‌కు మిగిలిన చోటు మూడు నెలలకోసారి తెలుగులో ప్రకటించాలని డిస్కంలను ఆదేశించండి. వచ్చే టారిఫ్ విచారణలోనే ఈ రెండూ చేర్చండి.

ఇట్లు,
ఒక విద్యుత్ వినియోగదారు