రెండు పండుగల నడుమ నిశ్శబ్ద మాసం

రమజాన్ శుభమాసం వెళ్ళిపోయింది. తరావీహ్ వేళ కిటకిటలాడిన మస్జిదులలో ఇప్పుడు ఫజర్‌కు ఒక్క వరుస నిండడమే గగనమవుతోంది. షవ్వాల్ ఉపవాసాలూ ముగిశాయి. బక్రీద్‌కు ఇంకా వ్యవధి ఉంది. హజ్ యాత్రికుల ఇళ్ళలో ప్రయాణపు సందడి కనిపిస్తోంది. తక్కిన ఇళ్ళలో ఎండకు తలుపులు చేరవేసుకొని, బడి సెలవుల్లో ఉన్న పిల్లలతో పగళ్ళు మెల్లగా గడుస్తున్నాయి. ఏ ప్రత్యేకతా లేని రోజులివి అని మనకు తోచడం సహజం. రమజాన్‌లో అలవడిన ఆరాధనలు మన నుండి జారిపోయేది సరిగ్గా ఇటువంటి రోజుల్లోనే.

అయితే ఈ నెలకు ఒక ఘనత ఉంది. ఇది జుల్‌ఖాదా, అల్లాహ్ పవిత్రమైనవిగా నిర్ణయించిన నాలుగు మాసాలలో ఒకటి. అరబ్బులు యుద్ధాలు మాని ఇళ్ళలో కూర్చునే నెల కావడం వల్ల, కూర్చోవడం అనే అర్థమిచ్చే మాట నుండి దీనికి ఆ పేరు వచ్చిందని పండితులు చెబుతారు. చాంద్రమాన సంవత్సరం సౌరమానం కన్నా సుమారు 11 రోజులు చిన్నది. అందువల్ల అన్ని ఋతువులనూ చుట్టివచ్చే ఈ మాసం, ఈ ఏళ్ళలో మన ఎండాకాలంలోకి వచ్చి చేరింది.

హిజ్రీ 6వ సంవత్సరం ఇదే నెలలో దైవప్రవక్త ముహమ్మద్ (స) సుమారు 1400 మంది సహచరులతో ఉమ్రా సంకల్పించి మదీనా నుండి బయలుదేరారు. మక్కా సమీపాన హుదైబియా వద్ద ఖురైషులు దారి అడ్డగించారు. అక్కడి బావి అడుగంటింది. దైవప్రవక్త (స) పుక్కిలించిన నీటిని అందులో పోయగా, మనుషులకూ ఒంటెలకూ సరిపడా నీరు ఊరిందని హజ్రత్ బరా బిన్ ఆజిబ్ (రజి) ఉల్లేఖించారు. చివరకు ఒప్పందం కుదిరింది. కాబాను దర్శించకుండానే విశ్వాసులు బరువెక్కిన హృదయాలతో వెనుదిరిగారు. తిరుగుదారిలో ఫత్‌హ్ సూరా అవతరించి, దానినే స్పష్టమైన విజయంగా ప్రకటించింది. పైకి ఏమీ దక్కనట్లు కనిపించే రోజుల్లోనూ అల్లాహ్ అనుగ్రహం పనిచేస్తూనే ఉంటుందనడానికి ఇంతకన్నా నిదర్శనం ఏముంటుంది?

ఆ అనుగ్రహాన్ని గుర్తించడం నేర్పే గురువు ఈ వేసవిలో మన ఇంట్లోనే ఉంది. అది నీరు. మీ నీరు నేలలోకి ఇంకిపోతే ఊటనీటిని మీకు తెచ్చి ఇచ్చేదెవరని ముల్క్ సూరా చివరి వాక్యం ప్రశ్నిస్తుంది. బోరు ఎండిపోయి, ట్యాంకరు కోసం బిందెలతో నిలబడిన ఇల్లాలికి ఆ వాక్యాన్ని ఎవరూ వివరించనక్కరలేదు.

ఒకనాడు దైవప్రవక్త (స), హజ్రత్ అబూబక్ర్ (రజి), హజ్రత్ ఉమర్ (రజి) ముగ్గురూ ఆకలికి తాళలేక ఇల్లు విడిచి బయటికి వచ్చారు. ఒక అన్సారీ సహచరుడు వారికి ఖర్జూరాలు, మాంసం, చల్లని నీరు ఇచ్చి ఆతిథ్యమిచ్చారు. ఆకలి తీరాక దైవప్రవక్త (స), ఈ వరాన్ని గురించి ప్రళయదినాన ప్రశ్నించడం జరుగుతుందని తోటివారికి గుర్తుచేశారు. ఆకలితో వచ్చి ఒక్కపూట తిన్నవారికే ఆ హెచ్చరిక! మరి పూటపూటా కుండలోని, ఫ్రిజ్‌లోని చల్లని నీరు తాగే మన మాటేమిటి?

కృతజ్ఞత హృదయంలో, నాలుకపై, అవయవాలలో ఉండాలని ధార్మిక పండితులు అంటారు. గ్లాసు ఎత్తేటప్పుడు ఇది దాత ఇచ్చినదని మనసు ఎరగాలి. బిస్మిల్లాహ్‌తో మొదలుపెట్టి అల్‌హమ్దులిల్లాహ్‌తో ముగించాలి. ఈ రెండూ చాలామందిమి చేస్తాము. మనం వెనుకబడేది మూడవ దాని దగ్గరే. దైవప్రవక్త (స) ఒక ముద్ద్ నీటితో, అంటే మన కొలతల్లో లీటరుకు అటూ ఇటూగా, వుజూ చేసేవారు. కుళాయి పూర్తిగా తిప్పి వుజూ చేసే మనం ఎన్ని ముద్ద్‌లు పారబోస్తున్నామో ఒకసారి కింద బకెట్టు పెట్టి చూస్తే తెలుస్తుంది. ఆ ప్రయోగాన్ని పిల్లల చేత చేయిస్తే వారికి సెలవుల్లో అదొక మంచి పాఠం.

మరణించిన తల్లి కోసం ఏ దానం శ్రేష్ఠమని హజ్రత్ సఅద్ బిన్ ఉబాదా (రజి) అడిగితే, నీరు అని దైవప్రవక్త (స) బదులిచ్చారు. ఆయన తల్లి పేరిట బావి తవ్వించారు. మనమంతా బావులు తవ్వించలేకపోవచ్చు. గడప ముందు ఒక కుండ, పిట్టగోడపై పక్షులకు ఒక మూకుడు, బోరు ఎండిన పొరుగింటికి వారు ఏ మతస్థులైనా సరే నాలుగు బిందెలు ఇవ్వడం మనకు అసాధ్యమేమీ కాదు. గతించిన తల్లిదండ్రులకు పుణ్యం చేరే మార్గమూ ఇదే.

కొద్దిపాటిదైనా నిరంతరం సాగే ఆచరణే అల్లాహ్‌కు అత్యంత ప్రియమైనది. కనుక రమజాన్ ఆరాధనల్లో ఒక్కదానినైనా, అది ఫజర్ తర్వాత ఒక పుట ఖుర్ఆన్ పారాయణమైనా సరే, ఈ నెలలో నిలబెట్టుకుందాం. మృగశిర కార్తెకు తొలకరి పడే సమయానికి, ఆ మొదటి చినుకును గుర్తుపట్టి కృతజ్ఞతలు చెప్పగల హృదయాన్ని సిద్ధం చేసుకుందాం. అల్లాహ్ మనందరికీ ఆ భాగ్యాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.