శాశ్వత నివాసం: దళారి మాటా? చట్టం బాటా?

గల్ఫ్ దేశంలో ముప్పది ఏండ్లు చెమటోడ్చిన తండ్రి, ఉద్యోగం ముగియగానే పెట్టె సర్దుకొని స్వదేశం చేరవలసిందే. సామాన్య కార్మికునకు అక్కడి ‘ఇకామా’ యజమాని పూచీపై నిలిచే తాత్కాలికమైన అనుమతి మాత్రమే. అట్టి ఇండ్లలో పెరిగిన మన విద్యార్థులను ‘శాశ్వత నివాసం’ అనే మాట ఆకర్షించడం సహజం. ఆ ఆకాంక్షను నేను తప్పుపట్టను. మార్గం తెలియకుండా బయలుదేరడమే తప్పు.

అమెరికాలో గ్రీన్ కార్డుకు ప్రధాన ద్వారాలు రెండు: కుటుంబ బాంధవ్యం, ఉద్యోగం. 1990 నాటి చట్టం ఉద్యోగ విభాగానికి ఏటా సుమారు 1,40,000 వీసాలు కేటాయించింది. భార్యాపిల్లలు సైతం ఈ లెక్కలోనివారే. ఏ ఒక్క దేశంలో జన్మించినవారికైనా సాధారణంగా 7 శాతానికి మించి దక్కరాదు. దేశ జనసంఖ్యతో నిమిత్తం లేని ఈ నియమం వల్ల భారతదేశంలో పుట్టిన ఇంజనీరు ఏండ్ల తరబడి వరుసలో నిలువవలసి వస్తున్నది. ఈలోగా పిల్లలకు 21 ఏండ్లు నిండితే, తల్లిదండ్రుల దరఖాస్తులో వారికి చోటు పోయే ప్రమాదం ఉన్నది. కెనడాలో 2015 నుండి అమలులో ఉన్న ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ పద్ధతిలో ఇట్టి దేశాలవారీ పరిమితి లేదు. వయస్సు, విద్య, భాషా పరిజ్ఞానం, అనుభవం అక్కడి కొలమానాలు.

ఇంతటి చిక్కు వ్యవహారాన్ని “గ్యారంటీ” అంటూ దళారి చేతిలో పెట్టవచ్చునా? అమెరికాలో వలస విషయాలపై న్యాయసలహా ఇచ్చే అధికారం లైసెన్సు గల వకీళ్లకు, ఆ దేశ న్యాయశాఖ గుర్తించిన ప్రతినిధులకు మాత్రమే ఉన్నది. కెనడాలోనూ రుసుము తీసుకొని ప్రాతినిధ్యం వహించేవారికి లైసెన్సు తప్పనిసరి. ఉద్యోగ మార్గంలో అనేకులకు తొలి మెట్టయిన కార్మిక ధ్రువీకరణ ఖర్చును యజమానియే భరించాలని అమెరికాలో 2007 నుండి నిబంధన. ఆ సొమ్మును ఉద్యోగి నుండి రాబట్టే యజమాని చట్టాన్ని అతిక్రమిస్తున్నట్లే.

దళారి వ్రాయించిన దొంగ అనుభవపత్రానికి శిక్ష అనుభవించేది దరఖాస్తుదారుడే. బుద్ధిపూర్వకమైన అసత్యానికి అమెరికా చట్టం జీవితాంతం ప్రవేశ నిషేధం విధించగలదు. కెనడాలో అది 5 సంవత్సరాలు. 2019లో మిచిగన్ రాష్ట్రంలో బయటపడిన ‘ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయం’ అమెరికా అధికారులే నెలకొల్పిన నకిలీ సంస్థ. అందులో చేరి పట్టుబడినవారిలో తెలుగు విద్యార్థులు అనేకులు. వల పన్నిన తీరు న్యాయమా అన్నది వేరే ప్రశ్న. చదువు లేని చదువుకు డబ్బు కట్టడం మాత్రం మన పొరపాటే.

“పేదవారికి వకీలు ఫీజు ఎక్కడిది?” అని కొందరు అడుగవచ్చు. దరఖాస్తు ఫారాలు, సూచనలు ఆయా ప్రభుత్వాలు ఉచితంగానే ఇస్తాయి. ముందుగా వాటిని చదివి, సందేహాలు వ్రాసుకొని, ఒక్కసారి అర్హుడైన వకీలును సంప్రదించడానికయ్యే ఖర్చు, దళారికి ధారపోసే తల్లి నగల విలువ ముందు స్వల్పమే.

కళాశాల కమిటీ పెద్దలకు నా విన్నపం ఒక్కటే. ఏటా చివరి సంవత్సరం విద్యార్థులకై వలస చట్టాలు తెలిసిన న్యాయవాదితో ఒక దినం సదస్సు జరిపించండి. వెళ్లదలచినవారు వెళ్లుదురు గాక. కళ్లు తెరచుకొని వెళ్లాలి.