గృహనిర్వాహము: చక్రముల యింట మంచినీరు

గత మాసమున మిద్దెమీది నీళ్ళతొట్టిని కడుగు విధమును గూర్చి వ్రాసితిమి. దానిని చదివిన సోదరి యొకరు, "అమెరికాలో మా పిల్లలు ఇల్లువంటి బండిని అద్దెకు దెచ్చి మమ్ము దేశము త్రిప్పిరి. మూడవనాడు కుళాయిలో నీరు రాక నానా యవస్థ పడితిమి. దాని మర్మమేమో తెలుపుడు" అని జాబు వ్రాసినారు. ఆ యవస్థ మాకును అనుభవమే గనుక ఈ మాసమున దానినే ముచ్చటింతుము.

మోటారు హోమ్ అని అక్కడివారు పిలుచు ఈ బండిలో పడకలు, పొయ్యి, స్నానపుగది, పాయిఖానా అన్నియు నుండును. చూచుటకు ఇల్లే. కాని యింట కుళాయి త్రిప్పినచో ఊరి చెరువంతయు మన వెనుక నున్నట్లు నీరు వచ్చును. ఇచటనో, మనము తొట్టిలో నింపుకొన్నంతయే. 40 గాలనుల తొట్టి యైనచో సుమారు 150 లీటర్లు పట్టును. నలుగురున్న సంసారము ఎంత పొదుపుగా వాడినను అది రెండు మూడు దినములకు మించదు.

మేము పోయినది ఆరిజోనా రాష్ట్రములోని గ్రాండ్ కాన్యన్ అను మహాలోయను చూచుటకు. దాని దక్షిణపుటంచు సముద్రమట్టమునకు దాదాపు 7,000 అడుగుల యెత్తున నున్నది. నీరచట సులభవస్తువు కాదు. లోయలోని యూటనీటిని ఆ యంచునకు చేర్చు గొట్టము పలుచోట్ల పగిలినందున 2024 ఆగస్టు చివర అచటి సత్రములలో రాత్రిబసలే కొన్నాళ్ళు నిలిపివేయవలసి వచ్చినది. మేము లోయకు దక్షిణముననున్న కైబాబ్ అడవిలో, కుళాయి గాని విద్యుత్తు గాని లేని చోట బండి నిలిపియుంటిమి. అక్టోబరు మాసము, రాత్రి నీరు గడ్డకట్టు చలి.

ఫ్లాస్కులోని నీరు తెల్లవారుజామున మనుమని పాలకు సరిపోయినది. ప్రొద్దెక్కిన పిదప మా పెద్దమ్మాయి మరల పాలు కలుపుటకై కుళాయి త్రిప్పగా బుస్సుమని గాలియే వచ్చెను. ప్రక్కపెట్టెలోని నీటి మోటారు మాత్రము ఆగక కొట్టుకొనుచుండెను. కుళాయి కట్టినను ఆగలేదు. ఎనిమిది నెలల బిడ్డ ఆకలికి ఏడ్చుచున్నాడు. సామాను సర్ది, బండి కదల్చి, ఊరు చేరువరకు ఆ యాకలి ఆగునా? అమ్మాయి కన్నీళ్ళు పెట్టుకొన్నది. అల్లుడుగారు, "అత్తయ్యగారూ, మోటారు చెడినది. క్రొత్తది కొనవలసినదే" అనిరి.

"తిరుగుచున్న మోటారు చెడలేదు బాబూ, దానికి నీరందుట లేదు. ముందు మీట ఆర్పుడు" అంటిమి.

ఈ మోటారు స్వభావము తెలిసినచో సగము రోగము తెలిసినట్లే. ఇది బ్యాటరీలోని 12 వోల్టుల విద్యుత్తుతో నడచును. దానిలో ఒత్తిడిని కనిపెట్టు చిన్న మీట గలదు. కుళాయిలన్నియు కట్టియున్నపుడు గొట్టములలో ఒత్తిడి పెరిగి, చదరపు అంగుళమునకు 40 మొదలు 55 పౌనుల వరకు చేరగానే మోటారు తనంత తానాగును. కుళాయి త్రిప్పగానే ఒత్తిడి తగ్గి మరల తిరుగును. కావున దాని చప్పుడే మనము పట్టి చూడవలసిన నాడి.

మోటారు బొత్తిగా పలుకకున్నచో మీటను, ఫ్యూజును, బ్యాటరీని చూడవలెను. తిరుగుచున్నను నీరు రాకున్నచో తొట్టి వట్టిదై యుండవచ్చును. లేదా మోటారుకు ముందున్న వడపోత గిన్నెలో నలుసు చేరి యుండవచ్చును. లేదా అచటి గొట్టము వదులై నీటికి బదులు గాలిని పీల్చుచుండవచ్చును. ఎవరును కుళాయి ముట్టకయే నడుమ నడుమ రెండు క్షణములు తిరిగి యాగుచున్నచో ఎచటనో అతుకు కారుచున్నది, లేదా పాయిఖానా తొట్టిలోనికి నీరు జారుచున్నది, లేదా మోటారులోని కవాటము అరిగి నీరు తొట్టిలోనికే వెనుకకు పోవుచున్నది. చన్నీరు వచ్చి వేన్నీరు రాకున్నచో గీజరును తప్పించి నీటిని మళ్ళించు మీట తెరచియున్నదేమో చూడుడు. ఒక్క కుళాయిలోనే ధార సన్నగిల్లినచో దాని మూతిజాలీని విప్పి వినిగరులో నానవేసిన సున్నపుపెచ్చు వదలును.

మరియొక పరీక్ష గలదు. బసస్థలపు కుళాయికి గొట్టము తగిలించినపుడు నీరు చక్కగా వచ్చి, తొట్టినుండి మాత్రము రాకున్నచో, దోషము తొట్టికిని మోటారుకును సంబంధించినదే. తక్కిన గొట్టములను విప్పి చూడ నక్కరలేదు.

కారుచోటు కనుగొనుటకు మేము వాడినది పాత వార్తాపత్రిక. అతుకులన్నిటిని గుడ్డతో పొడిగా తుడిచి, ఒక్కొక్కదాని క్రింద పొడికాగితము పరచి, కొంతసేపు తాళి చూచితిమి. వడపోత గిన్నె క్రింది కాగితము తడిసెను. చేతిదీపము వేసి చూడగా ఆ ప్లాస్టిక్ గిన్నెకు వెంట్రుకవంటి బీట కనబడెను. రాత్రి చలికి దానిలోని నీరు గడ్డకట్టి ఉబ్బి గిన్నెను చీల్చినది. ఎండకు మంచు కరగగా, మోటారు ఆ చీలికనుండి గాలిని పీల్చుచున్నది. మోటారు నిక్షేపముగా నున్నది!

తొట్టిలో నీరింకను సగమున్నది. తొట్టి యడుగున దానిని ఖాళీ చేయుటకు చిన్న కుళాయి యుండును. దాని మూతిని శుభ్రముగా కడిగి, అచటినుండి గిన్నెలకు నీరు పట్టి, కాచి చల్లార్చితిమి. బిడ్డ పాలు త్రాగి నిద్రించినాడు. మరునాడు సుమారు 80 మైళ్ళ దూరముననున్న ఫ్లాగ్‌స్టాఫ్ పట్టణమున క్రొత్త గిన్నె కొని బిగించితిమి. ప్లాస్టిక్ మరలను చేతితోనే బిగింపవలెను. పట్టకారుతో బిగించినచో మరల పగులును.

బాగుచేసిన పిదప తొట్టిని శుద్ధి చేయక నీరు త్రాగరాదు. ప్రతి 15 గాలనులకు, అనగా సుమారు 57 లీటర్లకు, వాసనద్రవ్యము కలుపని గృహోపయోగపు బ్లీచిని పావుకప్పు, అనగా 60 మిల్లీలీటర్ల చొప్పున నీటిలో కలిపి తొట్టిలో పోయుడు. తొట్టి నింపి, ప్రతి కుళాయినుండి బ్లీచి వాసన వచ్చువరకు వదలి, నాలుగు గంటలకు తక్కువ కాకుండ ఉంచి, ఖాళీ చేసి, వాసన పోవువరకు మంచినీటితో రెండు మూడు సారులు కడుగుడు. త్రాగునీటి గొట్టమును మురికినీటి పనికి ఎన్నడును వాడకుడు. బసస్థలపు కుళాయికి ఒత్తిడి తగ్గించు రెగ్యులేటరు తగిలింపనిదే బండికి నీరు కలుపకుడు.

ప్రాణముతో పనిగల మాటలు రెండు. నీరు లేని గీజరును వెలిగింపరాదు; వేడిగానున్నపుడు దాని నీటిని వదలరాదు. చలికాలమున గొట్టములలో పోయుటకు ప్రత్యేకముగా అమ్ము గులాబిరంగు ద్రవమునే వాడవలెను. మోటారు ఇంజనులో పోయు ద్రవము ఇథిలీన్ గ్లైకాల్ గల విషము. అది త్రాగునీటి గొట్టమున పడరాదు.

ఆ రాత్రి పండుకొనుటకు ముందు అమ్మాయి తానే లేచి మోటారు మీట ఆర్పి వచ్చినది. "రాత్రి గొట్టము పగిలినను తొట్టి నీరంతయు నేలపాలు కాదు గదా అమ్మా!" అన్నది. మా బాల్యమున అనంతపురము సీమలో బిందెలు లెక్కపెట్టుకొని దినము గడపినవారము. ఆ లెక్క దానికి మేము నేర్పనేలేదు. ఆ బండి నేర్పినది.

బండి యెక్కని సోదరీమణులకును ఇందు పని గలదు. ఇప్పుడు పెక్కు మేడలలో ఇట్టి ఒత్తిడి మోటారులే యున్నవి. ఈ రాత్రి కుళాయిలన్నియు కట్టి కొంతసేపు చెవియొగ్గి వినుడు. మోటారు తనంత తాను పలికినచో మీ యింట ఎచటనో నీరు జారుచున్నదని తెలిసికొనుడు. పొడికాగితము చేతబట్టుకొని వెదకుడు. ఏమి కనబడినదో మాకు వ్రాయుడు.