పత్యం పేరుతో ఆకుకూర మానేయకండి

ఆపరేషన్ చేయించుకొని ఇంటికొచ్చిన మనిషికి మన నల్లగొండ, మహబూబ్‌నగర్ పల్లెల్లో మొదట మొదలయ్యేది పత్యం. పప్పు పెడితే కుట్లు చీము పడతాయంటారు. ఆకుకూర అరగదంటారు. చివరికి పాలు, బ్రెడ్డు, చారన్నం మిగులుతాయి. రెండు రోజులకైతే ఫరవాలేదు, పది పదిహేను రోజులు అదే నడిపిస్తేనే చిక్కు.

గాయమైన చోట రక్తం గడ్డకట్టడానికి కావలసిన పదార్థాలు కాలేయంలో తయారవుతాయి. వాటికి 'కె' విటమిన్ ఉండాలి. డెన్మార్క్ శాస్త్రజ్ఞుడు హెన్రిక్ డామ్ కొవ్వు తీసేసిన మేత పెట్టిన కోడిపిల్లలకు ఒంట్లో రక్తస్రావం కావడం గమనించాడు. ఆ పరిశోధనే ఆయనకు 1943 నోబెల్ బహుమతిలో సగం తెచ్చిపెట్టింది.

ఈ విటమిన్ ఒంట్లో ఎక్కువ రోజులు నిల్వ ఉండదు. కొంత మన పేగుల్లోని సూక్ష్మజీవులు కూడా తయారుచేస్తాయి. ఆపరేషన్ తర్వాత వాడే యాంటీబయాటిక్స్ చీము పుట్టించే క్రిములతోపాటు వాటినీ చంపుతాయి. ఇటు తిండీ లేదు, అటు అవీ లేవు! పైత్యరసం దారి మూసుకుపోయి కామెర్లు వచ్చినవాళ్ళకు భయం ఇంకా ఎక్కువ. పైత్యరసం అందనిదే ఈ విటమిన్ ఒంటికి సరిగా పట్టదు.

పళ్ళు తోముకుంటే చిగుళ్ళ నుంచి రక్తం రావడం, ముక్కు నుంచి రక్తం కారడం, దెబ్బ తగలకుండానే నీలం మచ్చలు, కుట్ల మీది కట్టు రక్తంతో తడవడం, విరేచనం నల్లగా రావడం... ఏది కనిపించినా పసుపు అద్ది ఊరుకోకండి. అదే రోజు డాక్టరుకు చూపించండి. రక్తపరీక్ష చేసి, అవసరమైతే ఇంజెక్షన్ ఇస్తారు.

అన్నం తినొచ్చని డాక్టరు చెప్పాక ఆకుకూర మొదలుపెట్టండి. టానిక్కుల ఖర్చు అక్కర్లేదు. ఆడవాళ్ళకు రోజుకు సుమారు 55 మైక్రోగ్రాములు చాలు, ఒక గిన్నెడు తోటకూరలో అంతకు మించే ఉంటుంది. లేత తోటకూర సన్నగా తరిగి, పెసరపప్పుతో మెత్తగా ఉడికించి, చెంచాడు నూనెతో పోపు పెట్టండి. కారం తగ్గించండి. నూనె మాత్రం మానొద్దు, ఈ విటమిన్ కొవ్వులోనే కరుగుతుంది. జొన్నరొట్టె నమలలేనివాళ్ళకు మెత్తటి గటకలో కలిపి పెట్టొచ్చు. పప్పుతో చీము పట్టదు. పుండు మానడానికి కావలసిన మాంసకృత్తులు అందులోనే ఉన్నాయి.

గుండె కవాటం మార్పించుకొనో, కాలి సిరల్లో గడ్డకట్టో వార్ఫరిన్ లాంటి మాత్రలు వాడేవాళ్ళ సంగతి వేరు. ఆ మాత్ర ఈ విటమిన్‌కు ఎదురుగా పనిచేస్తుంది. ఒక వారం రోజూ ఆకుకూర, మరో వారం అసలే లేకపోతే మందు లెక్క తప్పుతుంది. మానక్కర్లేదు, రోజూ ఇంచుమించు ఒకే మోతాదులో తినాలి. ఎండాకాలం చింతచిగురు వచ్చిందని రెండు పూటలా వండిపెట్టేముందు వాళ్ళ డాక్టరును ఒక మాట అడగండి.