సివిలా? ఇంకేం సీటు రాలేదా?

సివిల్ తీసుకున్న ఫ్రెండ్‌ని ఈ మాటతో నేనూ ఏడిపించాను. దసరాకి పెద్ద అంబర్‌పేట్‌లో బస్సెక్కి కోదాడ దగ్గర అమ్మమ్మ వాళ్ళింటికి వెళ్తే, గోడకి మళ్ళీ పగుళ్ళు. తప్పు గోడది కాదు, కిందున్న నల్లరేగడిది. వానకి ఉబ్బుతుంది, ఎండకి కుంచించుకుపోతుంది.

ఆ మట్టిని సిమెంట్‌తోనో సున్నంతోనో గట్టిపరచొచ్చు. కానీ రెండిటికీ సున్నపురాయిని కాల్చాలి. ఆ రాయిలోంచే కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. బిట్స్ పిలానీ హైదరాబాద్ క్యాంపస్‌లో అనసువా గుహరాయ్ బృందం ఇదే మట్టిపై ఫ్లై యాష్, స్లాగ్‌లతో చేసిన బైండర్‌ని పరీక్షించింది. అంటే థర్మల్ ప్లాంట్ బూడిద, ఉక్కు ఫ్యాక్టరీలో మిగిలేది.

పేపర్లు వచ్చాయి. మా ఊరి మేస్త్రీకి మాత్రం ఇంకా సిమెంటే తెలుసు. ఆ దూరం తగ్గించడం కూడా ఇంజినీరింగే. ఇంకో చాట్‌బాట్ బదులు, మన మినీ ప్రాజెక్ట్ సివిల్ వాళ్ళతో కలిసి దానిమీద చేద్దాం. సారీ రా మామా, నీకు మంచి సీటే వచ్చింది.