పంట పోయిన సంగతీ చెప్పుకోవాలి

మా ఊళ్ళో ఒక రైతు వేసిన విత్తనం మొలవకపోతే ఆ సంగతి సాయంత్రానికల్లా రచ్చబండ దగ్గరికి వచ్చేస్తుంది. ఏ విత్తనం, ఏ నేల, ఎప్పుడు తడి పెట్టాడు అన్నీ చెబుతాడు. అందులో నామోషీ ఏమీ లేదు. విన్నవాడు ఆ విత్తనం జోలికి పోడు. చదువుకున్నవాళ్ళు చేసే సాఫ్ట్‌వేరు పనిలో ఈపాటి మర్యాద ఎంత ఉందో మనం ఆలోచించాలి.

థెరాక్-25 అనేది క్యాన్సర్ రోగులకు రేడియేషన్ ఇచ్చే యంత్రం. 1985 జూన్ నుంచి 1987 జనవరి దాకా అమెరికా, కెనడాలలో ఆరుగురికి అది మోతాదు ఎన్నో రెట్లు మించి ఇచ్చింది. కొందరు ప్రాణాలే కోల్పోయారు. 1986 మార్చిలో టెక్సాస్‌లోని టైలర్ పట్నం ఆసుపత్రివారు అడిగితే, ఇటువంటి ప్రమాదం ఇంకెక్కడా జరిగినట్లు తెలియదని తయారీదారుల నుంచి జవాబు వచ్చింది. అప్పటికే మూడుచోట్ల రోగులు దెబ్బతిన్నారు! మూడు వారాలకే అదే ఆసుపత్రిలో మరొకరు బలయ్యారు. చివరకు అక్కడి భౌతికశాస్త్రజ్ఞుడూ, ఆపరేటరూ కలిసి కూర్చుని, అదే వరుసలో మీటలు నొక్కి నొక్కి లోపాన్ని పట్టుకున్నారు. పొరపాటున నొక్కిన అక్షరాన్ని 8 సెకన్లలోపే దిద్దితే, ప్రోగ్రాము ఆ దిద్దుబాటును పూర్తిగా అందుకోలేకపోయేది. నాన్సీ లెవెసన్, క్లార్క్ టర్నర్ 1993లో ఈ ఉదంతమంతా పరిశోధించి ప్రచురించబట్టే నాలాంటి బి.ఎస్సీ. విద్యార్థి దాకా వచ్చింది.

దీనికి భిన్నంగా ఐరోపావారి ఏరియాన్-5 రాకెట్టు సంగతి చూడండి. 1996 జూన్ 4న బయలుదేరిన సుమారు 40 సెకన్లకే ముక్కలైపోయింది. విచారణ సంఘం 45 రోజుల్లో నివేదిక రాసి లోకం ముందు పెట్టింది. ఏరియాన్-4లో చక్కగా నడిచిన ప్రోగ్రామునే ఇందులోనూ వాడారు. కొత్త రాకెట్టు పక్కకు సాగే వేగం ఎక్కువ. ఆ సంఖ్య 16 బిట్లలో పట్టలేదు. ఏ పరీక్షలు చెయ్యకుండా వదిలేశారో కూడా దాపరికం లేకుండా రాశారు. పాతచోట పనిచేసినంత మాత్రాన కొత్తచోట నమ్మరాదన్న పాఠం అందరి సొత్తయింది.

మరి మన సంగతి? ల్యాబ్ రికార్డులో సరైన ఔట్‌పుట్ మాత్రమే ఉంటుంది. ప్రోగ్రాము మూడు రోజులు ఎందుకు మొరాయించిందో రాస్తే మార్కులు పోతాయని భయం. అందుచేత ప్రతి బ్యాచీ అదే గోతిలో పడి లేస్తోంది. పూర్వవిద్యార్థులు హైదరాబాదు నుంచీ, బెంగుళూరు నుంచీ వచ్చి సభలో తమ విజయాలు చెబుతారు. సంతోషమే. కాని ఏ అర్ధరాత్రి ఏ లోపం వారిని నిద్రలేపిందో, దాన్ని ఎలా పట్టుకున్నారో కూడా చెబితే మాకు పదింతలు మేలు.

కంపెనీ రహస్యాలు బయటపెట్టమంటావా అని ఎవరైనా అడగవచ్చు. కాదండీ. పేర్లు వద్దు, ప్రోగ్రామూ వద్దు. ఏం జరిగింది, ఎందుకు జరిగింది, మళ్ళీ జరక్కుండా ఏం చేశారు, ఈ మూడు ముక్కలు చాలు.

యూనియన్‌వారికి నా మనవి: వచ్చే ఏటి సంచికలో ఇందుకోసం నాలుగు పేజీలు కేటాయించండి. అధ్యాపకులకు మనవి: రికార్డులో తప్పులకంటూ ఒక పేజీ పెట్టించి, దానికీ మార్కులు వెయ్యండి. రేపు మేం రాసే ప్రోగ్రాము మీద ఏ రోగికిచ్చే మందో, ఏ రైలు సిగ్నలో ఆధారపడవచ్చు. వారి ప్రాణం కన్నా మన పరువు పెద్దది కాదు.